ఎడమ చివర సీసా

మా బాబాయిది ఎడంచేతివాటం. జిగురు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆయనది ఒకటే పని. కాగులో జిగురు ఉడుకుతుంటే పది నిమిషాలకోసారి ఒక సీసాలోకి కాస్త తీసి పళ్ళెంలో పెట్టడం. వరసకు ఐదు, రెండు వరసలు. తర్వాత వాటిని ఆయనే యంత్రానికి ఎక్కించేవాడు. మూతల మీద నంబర్లు ఎందుకు వేయవని ఎవరైనా అడిగితే, నా పిల్లల్ని నేను గుర్తుపట్టనా అని నవ్వేవాడు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయిన నన్ను అక్కడ సీసాలు కడిగే పనిలో పెట్టించిందీ ఆయనే.

మొన్న ఆయన జ్వరంతో రెండ్రోజులు రాలేదు. ముందురోజు తీసిన సీసాల్ని పరీక్షల గదికి కొత్తగా వచ్చిన మేడమే యంత్రానికి ఎక్కించారు. ఆ యంత్రం జిగురులోని అణువుల గొలుసుల్ని పొడుగూ పొట్టీగా విడదీసి, సీసాకో గీత గీస్తుంది. మేడం ఆ పది గీతల్నీ కంప్యూటర్లో కలిపి రెండు పటాలు తీశారు. మొదటిది జిగురు ఉడికేకొద్దీ ఏ గొలుసులు కలిసి మారాయో చూపిస్తుంది, దానికి సీసాల వరసతో పనిలేదు. రెండోది ఏది ముందు మారిందో, ఏది తర్వాతో చెబుతుంది. మొదటిది చక్కగా వచ్చింది. రెండోది చూసి మేడం మొహం మాడిపోయింది. మనవడు పుట్టాక తాత పుట్టినట్టుంది అన్నారు.

బాబాయి పనిలోకి రాగానే పిలిచి, వేళకు తీయకుండా సీసాలు ఇష్టమొచ్చినట్టు నింపావా అని అడిగారు. ఆ పని ఇంకొకరికి ఇస్తామన్నారు. బాబాయి తెల్లబోయి పటాన్నే చూశాడు. ఎదురు చెప్తాడనుకున్నాను. కానీ, యంత్రం అబద్ధం చెప్పదు కదా, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను అని గొణిగి, తప్పు ఒప్పుకున్నట్టు మేడం రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఇరవై రెండేళ్ల చేతిని ఆయన ఒక్క నిమిషంలో నమ్మడం మానేశాడు.

సింకు దగ్గర ఆ సీసాలే ఉన్నాయి, పళ్ళెంలో పెట్టినవి పెట్టినట్టే. వాటి సంగతి నాకు తెలుసు. ప్రతి వరసలో కుడి చివరది మిగతావాటికన్నా తేలిగ్గా వదిలిపోతుంది. ఎడమకు పోయేకొద్దీ జిగురు ముదిరి మొండికేస్తుంది. మేడం ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"మేడం, ఎటు నుంచి ఎక్కించారు?"

"ఎడమ నుంచే. ఇంకెటు నుంచి?"

"బాబాయి కుడి నుంచి పెడతాడండీ. ఎడమ చివర సీసానే నేను నాలుగుసార్లు కడుగుతాను."

మేడం ప్రతి వరసా తిరగేసి గీతలు మళ్లీ కలిపారు. మొదటి పటం ఉన్నది ఉన్నట్టే వచ్చింది. రెండోదానిలో తాత తాతే, మనవడు మనవడే.

ఆవిడ కాగితం తిరిగిచ్చి, పొరపాటు నాది అన్నారు. బాబాయి విన్నట్టు లేడు. ఎడంచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"అమ్మడూ, నేను కుడి నుంచి పెడతానా?"

"ఎప్పుడూ అంతే బాబాయ్."

"మరి నాకు తెలీదే."

కాగితం చించుతాడనుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు మూతలన్నిటికీ నంబర్లు వేశాడు. ఒకటో నంబరుది కుడి చివర పెట్టి, అది కుడి చివరేనా అని నన్ను పిలిచి అడిగాడు.