అమ్మ నడుము మీద నా పాదాలు

మా చిన్నప్పుడు... తెలుగు సరిహద్దుకు అవతలున్న కోంటాలో మా ఇంటి అరుగు మీద మధ్యాహ్నం పూట ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. వాళ్ళ నడుము మీద నేను నిలబడి ఉండేదాన్ని!

నవ్వకండి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే తల కాకుండా కాళ్ళు ముందొచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో మూడుసార్లు తాకి, ఎక్కి తొక్కితే నడుము నొప్పి పోతుందని మా వైపు గట్టి నమ్మకం. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పుల్లలా ఉండేదాన్ని కాబట్టి ఎవరి నడుమూ విరగలేదు.

బజారు రోజున నా దర్జా చూడాలి... గంపలెత్తుకుని అడవి దారిన నడిచొచ్చిన దోర్ల గిరిజన ఆడవాళ్ళు, లారీకి బస్తాలెక్కించే హమాలీలు, ఓసారి మా బడి పంతులు కూడా! పంతులు నడుము తొక్కిన పిల్లను ఆ తర్వాత క్లాసులో ఎవరేమనగలరు? ఒక దోర్ల అవ్వయితే ఎండాకాలమంతా ఆకు దొప్పలో నాకు అడవిలో ఏరిన మొర్రిపండ్లు తెచ్చేది.

అందరికంటే ఎక్కువసార్లు తొక్కించుకున్నది మా అమ్మే.

నాన్నది అటవీ సరుకు కొట్టు. ఎండలు ముదిరితే మా పెరడంతా చింతపండు గుట్టలే. అమ్మ చిన్న పీట మీద కూర్చుని, తెల్లారిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా వంగి, కాయ కొట్టి గింజ తీసేది. గింజ తీసిన చింతపండును ఇక్కడ 'ఫూల్' అంటారు. హిందీలో పువ్వట! మధ్యలో వంట, బోరింగు నీళ్ళు, నిండు బుట్టలెత్తి పోయడం... నడుము పట్టేసినప్పుడల్లా నానమ్మ నన్ను కేకేసేది. నేను తొక్కేదాన్ని. అమ్మ "తగ్గింది బిడ్డా" అని లేచి మళ్ళీ పీట మీద కూర్చునేది. నేను పొంగిపోయేదాన్ని.

ఆ ఏడు అమ్మకు ఎడమకాలు తిమ్మిరెక్కడం మొదలైంది. నడుము నుంచి మడమ దాకా లాగుతోందనేది. కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం నాన్న అన్నం తింటుంటే దగ్గరికొచ్చి అడిగింది.

"కాలు మొద్దువారుతాంది. ఒక్కసారి భద్రాచలం తీస్కపోయి పెద్ద డాక్టరుకు చూపియ్యరాదా?"

నాన్న కోప్పడలేదు. "సరే, సోమవారం లారీ ఆడికే పోతాంది. ముందు సీట్ల కూసుందువు" అన్నాడు.

నాకే ఒళ్ళు మండింది.

"భద్రాచలం ఏందికి? నేను లేనా? నేను తొక్కితే తగ్గదా?" అని తింటున్న అన్నం వదిలేసి లేచాను. బజారు బజారంతా నా దగ్గరికొస్తుంటే, మా అమ్మే ఇంకో డాక్టరు దగ్గరికి పోతే నా పరువేం కావాలి... అదీ నా బాధ!

నాన్న పెద్దగా నవ్వాడు. "నిజమే గదా, ఇంట్ల డాక్టరమ్మను పెట్టుకొని ఊర్లు తిరుగుడేంది?"

నానమ్మ చాప పరిచింది. అమ్మ నా ముఖం చూసి, చాప మీద బోర్లా పడుకుంది. ఆరోజు నేను పంతం కొద్దీ మామూలు కంటే గట్టిగా తొక్కాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. లేచి "తగ్గింది బిడ్డా" అంది. సోమవారం లారీ చింతపండుతో వెళ్ళిపోయింది. డాక్టరు మాట అమ్మ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. సుక్మాలో గుమాస్తా ఉద్యోగం. రెండేళ్ళ నుంచి నా నడుములోనూ డిస్కులు అరిగిపోతున్నాయి. పక్కకు తిరిగి, చేయి ఆనించి గానీ మంచం దిగకూడదు. బకెట్టు సగమే నింపుకోవాలి. పొద్దున్నే పావుగంట వ్యాయామం, ఆఫీసులో గంటకోసారి లేచి నడవడం. మరీ పట్టేస్తే బెల్టు, వేడినీళ్ళ సంచి... సెలవు చీటీ. అవును, నొప్పి అంటే నాకు సెలవిస్తారు!

మొన్న నా నడుము చూపించుకోవడానికి జగదల్‌పూర్ వెళ్తూ అమ్మను కూడా తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నా స్కానింగు ఫిల్ము పక్కన పెట్టి, కాలు ఈడుస్తూ లోపలికొచ్చిన అమ్మనే చూసింది. ఎన్నేళ్ళుగా ఇలా అని హిందీలో అడిగింది. నేను అంతా చెప్పేశాను, తొక్కడంతో సహా.

"మీరు తొక్కడం వల్లే అని చెప్పలేను. వంగి చేసిన పని, మోసిన బరువులు, వయసు... అన్నీ ఉంటాయి. కానీ నడుము మీద ఎక్కి తొక్కకూడదు. కాలు మొద్దుబారినప్పుడే తీసుకురావాల్సింది. దెబ్బతిన్న ఆ నరం ఇప్పుడిక బాగుపడదు" అంది.

ఎవరి మీద కోపం తెచ్చుకోను? నాన్న లేడు, నానమ్మ లేదు. మిగిలింది నేనే...

తిరుగు బస్సులో అమ్మను అడిగాను. "నేను తొక్కితే ఎన్నడన్న తగ్గిందా?"

"ఏడ తగ్గింది బిడ్డా" అంది, కిటికీలోంచి చూస్తూ.

"మరి పిలిస్తే పండుకునేదానివి ఎందుకు?"

"పగటిపూట నడుం వాలిస్తె మీ నానమ్మ ఊకుంటదా? నువ్వు తొక్కినంతసేపే గదా నేను పండుకున్నది."



ఈ రోజుల్లో ఎదురుకాళ్ళ పిల్లల కోసం ఎవరూ వెతకడం లేదు. జెల్లు ట్యూబులు వచ్చాయి, ఫిజియోథెరపీ వచ్చింది... మంచిదే. మీలో నాలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మీరు ఎవరి నడుము తొక్కారు? వాళ్ళు ఇంకా ఉంటే, వెళ్ళి నిజం అడగండి.