ఉప్పు తినని నాలుగు రోజులు

మా ఆయన చైనాకు పోదామన్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే: ఈయన ఏదో చేసి వచ్చాడు.

మా కాపురంలో ఆయన నన్ను తీసుకెళ్లిన అతి దూరపు ఊరు తిరుపతి. అదీ మూడేళ్లు పోరగా పోరగా. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున పనికి పోతూ, చెప్పులు తొడుక్కుంటూ, మజ్జిగ అడిగినంత మామూలుగా చైనా అన్నాడు.

"ఎవురు పంపుతాండారు?" అని అడిగాను.

"కంపెనీవోళ్లు. బాగా పని చేసినోళ్లకంట. నాలుగు దినాలు."

"నిన్నా?"

"నిన్ను గూడా."

ఆ "నిన్ను గూడా" దగ్గరే నాకు అనుమానం కుట్టింది. ఆయన పని బాగా చేస్తే ఆయన్ను పంపాలి. నన్నెందుకు? నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా వీళ్లకు?

మాది తిరుమణి, కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే ఊరు. మా అత్తగారింటి పన్నెండెకరాలూ సోలార్ కంపెనీకి లీజుకిచ్చాం. ఒకప్పుడు ఆయన చెనక్కాయ వేసిన చేలల్లోనే ఇప్పుడు సోలార్ పలకలు కడిగే కూలీల మీద మేస్త్రీగా ఉన్నాడు. ఇంక మిగిలింది మా అమ్మ పసుపు కుంకుమల కింద నాకిచ్చిన నాలుగెకరాలు. అది నా పేరున ఉంది. వాన పడితే ఇప్పటికీ చెనక్కాయ వేస్తాను. ఆ ఏడు కంపెనీ తరఫున భూములు అడిగే మనిషి మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. ఊరకే రారు మహానుభావులు. వచ్చినప్పుడల్లా స్వీటు డబ్బా తెచ్చేవాడు, నేను మూత తీయకుండానే తిరిగి ఇచ్చి పంపేదాన్ని.

మాలో సంబంధానికి పోయినా, భూమి బేరానికి పోయినా, మాట కుదరకముందు ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చోరు. ఒకసారి వాళ్ల ఉప్పు తిన్నాక కాదనడానికి నోరు రాదు. మా అమ్మ అయితే పొలం అడగడానికి వచ్చినవాళ్లు బీడీ ఇచ్చినా మా నాన్నను ముట్టనిచ్చేది కాదు.

వెళ్లకుండా ఉండిపోదామనే అనుకున్నాను. కానీ మా ఆయనకు మొహమాటం ఎక్కువ. ఒక్కణ్ణే పంపితే నాలుగు ముద్దలు తిని, సరే అని మాటిచ్చి వస్తాడు. అప్పుడు చేను నా పేరున ఉండి ఏం లాభం? అందుకే పోతాను, కానీ వాళ్ల ఉప్పు ముట్టను అని నిశ్చయించుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

వీసా కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. బడిలో పాఠం చెప్పే పక్కింటామె ప్రతి వరసా కన్నడలోకి మార్చి చదివి, ఇందులో భూమి మాట లేదని ఒట్టు పెట్టాకే సంతకం చేశాను. మా ఆయన గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ప్రతి ఆదివారం బలసముద్రం వెళ్లి తన గొర్రెల్ని చూసి రానిదే ఆయనకు అన్నం సహించదు. మందను అక్కడ ఒక కాపరికి పాలుకు, అంటే వాటాకు మేపమని, ఇచ్చాడు. అలాంటిది ఆ నెలలో ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాడు. అదీ నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

బెంగళూరు విమానాశ్రయంలో ఒక పోలీసమ్మ నన్ను తడిమి, రవిక లోపల ఏదో ఉందని పట్టుకుంది. పక్కగదిలోకి తీసుకుపోయి విప్పమంది. పాలిథిన్ సంచిలో చుట్టిన పహణీ, అంటే చేను నా పేరున ఉందని చెప్పే కాగితం, బయటపడింది.

"ఇది ఏంటమ్మా?" అని కన్నడలో అడిగింది.

"నా చేను," అన్నాను.

ఆమె పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. మనం ఊళ్లో లేనప్పుడు బీరువాను నమ్మేదెట్లా?

గుంపులో ఉన్నవాళ్లంతా నాకు కంపెనీ మనుషుల్లాగే కనిపించారు. షాంఘైలో దిగాక మా గుంపును నడిపించింది ఒక నడివయసు కన్నడాయన. చేతిలో పచ్చజెండా, చంకలో ఎర్ర ఫైలు. ఆ ఫైలును ఆయన బస్సులో కూడా ఒళ్లోంచి దించలేదు. సరే, నా లీజు కాగితం అందులోనే ఉందని నాకు అర్థమైంది. నాలుగు రోజులూ ఆ మేడలకంటే ఎక్కువగా ఆ ఫైలునే చూశాను. నది ఒడ్డున నిలబడి అందరూ మెడలు వెనక్కి విరిచి ఆకాశంలోకి చూస్తుంటే, నేను ఆయన చంకలోకి చూస్తున్నాను.

తిండి సంగతి చెప్పాలి. నా పెట్టెలో సగం రాగిపిండి, చెనక్కాయ పొడి, బొరుగులు, చెక్కలు, ఒక గుడ్డలో ముడివేసిన మా ఇంటి ఉప్పు. హోటల్ గదిలో నీళ్లు కాగే కెటిల్ ఉంది. అందులోనే అంబలి కాచుకున్నాను. నీళ్లకు ఉప్పు లేదు కాబట్టి ఫరవాలేదు.

"ఏందే ఇది? కింద ఇన్ని పెట్టినారు, రాప్పా, ఒగ ముద్దన్నా తిను," అని మా ఆయన బతిమాలాడు. ఆయన ప్రాధేయపడేటప్పుడు నన్ను కూడా అప్పా అంటాడు.

"నాకు కడుపు బాగలేదు. నువ్వు తినుపో."

తిన్నాడు. తినేటప్పుడు చుట్టూ చూసి, చొక్కా జేబులో ఏదో పెట్టుకోవడం కనిపించింది. రెండోరోజూ అంతే. "జేబులో ఏముండాది?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జేబు మీద చెయ్యి వేసుకుని, "ఏమీ లేదులే," అన్నాడు. ఇంకేం, వాళ్లూ ఈయనా కలిసిపోయారు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

మూడోరోజు ఒక పార్కుకు తీసుకుపోయారు. దారి పొడుగునా నేల మీద తెరిచిన గొడుగులు, ఒక్కొక్క గొడుగు మీద ఒక కాగితం, పక్కన ఒక ముసలాయనో ముసలామెనో. ఇంత కాగితాల సంత నేనెక్కడా చూడలేదు. నేను వెనక్కి తిరిగేలోపే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, నా వేళ్ల మధ్య పెన్ను పెట్టింది.

"విడుసు! నేను చెయ్య! సంతకం చెయ్యనంటే చెయ్య!" అని అరిచాను. పార్కంతా నా వైపు తిరిగింది.

కన్నడాయన పరుగున వచ్చి చెప్పాడు. అవి పెళ్లి సంబంధాల కాగితాలట. పిల్లల వయసు, చదువు, ఉద్యోగం రాసి తల్లిదండ్రులు వారం వారం ఇక్కడ కూర్చుంటారట. నాకు పెళ్లీడు కొడుకున్నాడేమో రాసిమ్మని అడిగిందట ఆ తల్లి. మా పిల్లలకు పెళ్లిళ్లయిపోయాయని చేతులతో చెప్పాను. ఆమె నా భుజం తట్టింది. సిగ్గుతో చచ్చాను. అయినా పెన్ను మాత్రం వెంటనే ఇచ్చేశాను.

చివరిరోజు బస్సులో కన్నడాయన ఫైలు తెరిచాడు. ఇదిగో, వచ్చింది అనుకున్నాను. అందరికీ ఒక్కో కాగితం పంచి కింద సంతకం చేయమన్నాడు. చదవందే పెన్ను ముట్టనన్నాను. పాపం, విసుక్కోకుండా చదివాడు. గది ఎలా ఉంది? బస్సు ఎలా ఉంది? భోజనం ఎలా ఉంది?

"నేను తినలేదు," అన్నాను, బస్సులో అందరికీ వినపడేలా. "ఒక్క మెతుకు కూడా తినలేదు, రాసుకోండి."

మా ఆయన కిటికీ వైపు తిరిగి, "బాగుండె," అన్నాడు మెల్లగా. నేను సంతకం చేయలేదు. గెలిచానని నాకు ఎంత గర్వమో.

ఇంటికి వచ్చిన మూడోనాటికి ఆ భూముల మనిషి స్వీటు డబ్బాతో మళ్లీ దిగాడు. నేను దీనికోసమే కాచుకుని ఉన్నాను. నడుముకు కొంగు దోపుకుని గడపలోనే నిలబడ్డాను.

"మీ ఎత్తులు నాకు తెలీదనుకున్నారా? చైనా దాకా పిలుచుకోని పోయినా మీ ఉప్పు నేను తినలేదు. నా చేను ఇయ్యను. పోండి!"

ఆయన తెల్లబోయాడు. "చైనా ఏందమ్మా? మేము ఎవర్నీ యాడికీ పంపలేదే. నేనే ఇంతవరకూ చైనా సూళ్లేదు," అన్నాడు. ఆ ముఖంలో అబద్ధం లేదు. డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మరి పంపిందెవరు? మా ఆయన సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"నిజం చెప్పు. మనల్ని చైనాకు పంపిందెవురు?"

చెంబు కింద పెట్టాడు. "గొర్రెలు," అన్నాడు.

"గొర్రెలేంది?" అన్నాను.

"మందంతా అమ్మేసినా. నీకు చెప్పింటే వచ్చేదానివా? గొర్రెలమ్మి ఊర్లు తిరిగేదేందని రచ్చ చేసిందువు."

చేసి ఉండేదాన్నే. "అయినా చైనా ఏందయ్యా? కాశీ లేదా, రామేశ్వరం లేదా?"

ఆయన కోళ్లగూడు వైపు చూశాడు. దానికి తలుపుగా పెట్టిన చెక్క, పలకలు వచ్చిన పెట్టెది. దాని మీద షాంఘై అని అచ్చువేసి ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా రోజూ దాన్ని తీసి వేస్తున్నాను, ఏం రాసుందని ఒక్కరోజూ అడగలేదు.

"మా నాయన చేను మింద కూర్చున్నాయి కదా అవి. రోజూ కడుగుతాండా. యాడనుంచి వచ్చినాయో ఒగసారి సూడల్లనిపించె. ఒక్కణ్ణే పోయేకి మనసు రాలే."

నాలుగు రోజులు నేను పంతం పట్టి ముట్టనిది కంపెనీ ఉప్పు కాదు, ఆయన ఉప్పు. ప్రాణంలా పెంచిన మందను అమ్మి పెట్టిన కూడు. దాన్ని తోసేసి, తినలేదని బస్సులో గొప్పగా అరిచాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను.

ఆయన లోపలికి పోయి, ప్రయాణంలో వేసుకున్న చొక్కా తెచ్చి, జేబులోంచి నాలుగు చిన్న పొట్లాలు తీసి నా చేతిలో పెట్టాడు. ఉప్పు వేసి వేయించిన చెనక్కాయ విత్తనాలు. రోజూ హోటల్లో టిఫిను దగ్గర పెట్టేవాళ్లట.

"నువ్వు ఏమీ తినకపోతివి. ఎప్పుడన్నా ఆకలైతే తింటావేమోనని ఎత్తిపెట్టినా," అన్నాడు.

అక్కడే మెట్టు మీద కూర్చుని ఒక పొట్లం చింపాను.

"ఎట్లుండాయి?" అన్నాడు.

"మన చేను కాయంత లేవు," అన్నాను.

అయినా నాలుగు పొట్లాలూ నేనే తిన్నాను. ఆయన చెయ్యి చాపినా ఒక్క గింజ కూడా ఇవ్వలేదు.