ఒక వరుస వెనక

వైర్లక్క కొత్త టెర్మినల్ వెనకాల తీగ బిగిస్తోంది. రెండు మరలు, ఒక్కోదానికి నాలుగు తిప్పులు. ఎనిమిదో తరగతితో బడి మాని, మోటార్లు చుట్టే కొట్టులో పదిహేనేళ్లు చేతులు కాల్చుకుని పని నేర్చిన మనిషి. ఈ రంగుల కార్ఖానాలో గోడమీది కంట్రోలర్‌కీ బల్లమీది టెర్మినల్‌కీ మాట కలిపేది ఆమే.

ఆ మాటలు చిన్నవే. పెద్ద పీపాలో రంగు కలిపే తెడ్డు కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. కదిలితే 'తెడ్డు తిరుగుతోంది' అనీ, నిలిస్తే 'తెడ్డు ఆగింది' అనీ కంట్రోలర్ పంపుతుంది. ఆగినప్పుడు మనిషి టెర్మినల్‌లో 'సరే' అని కొడితే, మళ్లీ చెప్పేదాకా తెడ్డును కదపదు. తిరుగుతుండగా కొట్టిన 'సరే'ను చెవిన పెట్టదు.

పీపా అడుగు గీకేది ఆమె అక్క మొగుడు. నిచ్చెన పక్కనే నిలబడ్డాడు.

"ఏం మరదలా, ముస్తాబు అయిందా? ముహూర్తం దాటిపోతోంది."

"నీకు అన్నీ పొయ్యి మీద ఉండగానే కావాలి బావా. కాస్త ఆగు."

తెర మీద 'తెడ్డు ఆగింది' అని పడింది. బావ 'సరే' కొట్టి, నిచ్చెనెక్కి, మూత తీశాడు. లోపల ఆవిరి, చీకటి. ఒక కాలు లోపలికి పెట్టాడు.

పనిముట్లు ఏరుకుంటూ ఆమె పీపా కాలు మీద చెయ్యి ఆనించింది. ఇనుము సన్నగా వణుకుతోంది.

"బావా!"

ఆరబెట్టే యంత్రాల హోరు ఆ కేకను మింగేసింది. ఆమె పరుగున వెళ్లి మోటారు ఫ్యూజు పీకింది. వణుకు ఆగింది. వెనక్కి తిరిగితే తెర మీద 'తెడ్డు తిరుగుతోంది'. పై ప్రాణాలు పైనే పోయాయి.

బావ కిందికి దిగాడు. "ఏంటే, దెయ్యాన్ని చూసినట్టున్నావ్?"

"తెడ్డు తిరుగుతోంది బావా. నువ్వు కాలు పెట్టినప్పుడు."

ఆయన తన కాలి వంక చూసుకున్నాడు.

ఆమె కూలబడి ఆలోచించింది. కంట్రోలర్‌లోని పాత ప్రోగ్రాం రాసినవాడు వరుస మార్చే గుర్తును ప్రతి మాటకీ ముందు పెట్టాడు. పాత టెర్మినల్ ఏ అక్షరానికి ఆ అక్షరం చూపించేది కనుక ఎలా పెట్టినా చెల్లింది. కొత్తది ఆ గుర్తు వచ్చాకే వరుస చూపిస్తుంది. అంటే ప్రతి మాటా తర్వాతి మాట వచ్చేదాకా దాని కడుపులోనే ఉండిపోతుంది. తెడ్డు కదలడం మొదలుపెట్టగానే తెర 'ఆగింది' అంటుంది! తీగ కుదిరింది కదా అని మాట కూడా కుదిరిందనుకుంది తను. అక్క మొహం కళ్లముందు మెదిలింది.

ప్రోగ్రాంలో ఆ గుర్తును ముందు నుంచి తీసి చివర పెట్టింది. బావను దూరంగా నిలబెట్టి, ఫ్యూజు పెట్టి, ఒక చెయ్యి ఇనుము మీద, కళ్లు తెర మీద ఉంచి ఆరుసార్లు చూసింది. ఆరుసార్లూ చేతికి తెలిసిందే తెర చెప్పింది. 'సరే' కొట్టి ఇరవై నిమిషాలు కూర్చుంది. తెడ్డు కదల్లేదు.

అప్పుడు మళ్లీ ఫ్యూజు పీకి బావ చేతిలో పెట్టింది.

"ఇక టెర్మినల్ నీది. దిగినప్పుడల్లా ఇది నీ జేబులో ఉండాలి."

బావ దాన్ని చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుని, నిచ్చెనెక్కాడు.