వీరయ్య మగ్గం మీద నాలుగు వేళ్ళ బట్ట

నా కుడిచేతి మీద ఒట్టు. బొమ్మలు గీసి బతికిన చెయ్యి ఇది... దీని మీద అబద్ధపు ఒట్టు వేసేంత తెలివితక్కువవాణ్ణి కాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో ఎవరైనా కిసుక్కుమన్నారో... అక్కడే ఆపేస్తాను.

గద్వాల సంస్థానం ఇంకా ఉన్న రోజులు. అవతల రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నేను అక్కడి బడిలో డ్రాయింగు పంతుల్ని. పట్నంలో నాలుగేళ్ళు బొమ్మలు నేర్చుకుని వచ్చాను గనుక కాస్త పొగరు కూడా ఉండేది. దేవుళ్ళ పటాలు, దొరల మీసాలు గీయనంటే గీయనన్నాను. కట్టెల మోపు ఎత్తుకున్న ఆడవాళ్ళు, నీళ్ళు లేని వాగు, నడుం వంగిన నేతగాళ్ళు... ఇవీ నా బొమ్మలు. ముఖాలకు కళ్ళూ ముక్కూ పెట్టేవాణ్ణి కాను. అదే కొత్త పద్ధతి అని నా నమ్మకం. అలాంటివాటికి కోటలో గోడ ఎవరిస్తారు? అందుకే సొంతంగా ఒక గది చూసుకున్నాను. పదిహేడు బొమ్మలు తగిలించి, ఎవరైనా వచ్చి చూడొచ్చని తలుపు తెరిచిపెట్టాను.

ఆ గది నర్సమ్మది. ఆమె భర్త వీరయ్య మంచి నేతగాడు. ఆయన పోయి మూడు నెలలైంది. గది మధ్యలో ఆయన గుంట మగ్గం అలాగే ఉంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి నేసే మగ్గం. దాని మీద సగం నేసిన చీర... నూలు ఒళ్ళు, ఎర్ర పట్టు అంచు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. నేతగాడు పోతే ఏడాది తిరిగేదాకా ఆయన మగ్గం మీద ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే భార్యకు దాని మీద హక్కు పోతుంది. మరిది బాలయ్య కన్ను ఆ మగ్గం మీదే ఉంది.

"మగ్గమున్నన్ని దినాలే గీ ఇల్లు నాది సారూ. అది పోతే నన్ను గూడ పొమ్మంటరు" అంది నర్సమ్మ, గది ఇచ్చిన రోజు. "మీ బొమ్మలు పెట్టుకోండ్రి. జర దాన్ని మాత్రం ఎవ్వరినీ ముట్టనియ్యకుండ్రి."

మాటిచ్చాను. ముట్టలేదు కూడా. కానీ ఊరుకున్నానా? ఆ సగం చీర నా బొమ్మలకన్నా బాగుందనిపించింది. 'పద్దెనిమిదో బొమ్మ' అని చీటీ రాసి మగ్గానికి కట్టాను. పట్నపు తెలివి.

మొదటిరోజు జనం బాగానే వచ్చారు. "గీమెకు ముక్కేది సారూ?" అని ఒక ముసలాయన అడిగాడు. మిగతావాళ్ళు అది కూడా అడగలేదు. అందరూ పోయి మగ్గం చుట్టూ నిలబడ్డారు. వీరయ్యను తలుచుకున్నారు, అంచు చూసి మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ... నాకు కడుపు మండింది.

ఆ ముచ్చట ఊరంతా పాకి బాలయ్య చెవిన పడింది. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చీటీ చూశాడు. వంగి చీర చూశాడు.

"గీడ పోగులు కొత్తగ కనబడుతున్నయి వదినా. దొంగతనంగ నేస్తున్నవు."

"ఎల్లమ్మ తల్లి తోడు, నేను కూసోలే" అంది నర్సమ్మ.

బాలయ్య వినలేదు. గది మూలనున్న పొయ్యిలోంచి మసి తెచ్చాడు. నేత ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ వేలితో నల్లటి గీత పెట్టాడు. "రేపు పొద్దుగాల పెద్దమనుషులను తోల్కొని వస్త. గీత దాటి ఒక్క పోగు పోయినా మగ్గం నాది. అంతే."

గది తీసుకున్నప్పటి నుంచీ నేను అక్కడే పడుకునేవాణ్ణి. నా బొమ్మలు గంజి పెట్టిన గుడ్డ మీద గీసినవి. ఎలుకలకు గంజి అంటే ప్రాణం. ఆ రాత్రి ఎలుకలకు తోడు బాలయ్య భయం కూడా. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. తలుపుకు లోపల్నుంచి గొళ్ళెం వేశాను... వేశాననే గుర్తు. తలుపుకు అడ్డంగా చాప పరుచుకున్నాను. కిరసనాయిలు దొరకని కాలం గనుక లాంతరు ఆర్పేశాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మెలకువ వచ్చింది.

టక్...

ఎలుక అనుకున్నాను.

టక్... టక్... ధబ్.

ఎలుక కాదు. గద్వాలలో పుట్టిన పసిపిల్లకైనా తెలిసే చప్పుడు. పోగును మోసుకుంటూ నాడె అటు నుంచి ఇటు పోయే చప్పుడు. తర్వాత పోగును దగ్గరికి కొట్టే దెబ్బ.

బాలయ్యే అనుకున్నాను. ముందే లోపల దాక్కుని ఉంటాడు. గీత దాటించి వదినను ఇరికిస్తున్నాడు. ఒళ్ళు మండింది. "ఎవడ్రా?" అందామనుకున్నాను... ఆగిపోయాను. ఎందుకంటే చప్పుడు ఒక్కచోటి నుంచి రావడం లేదు. ఎడమ నుంచి ఒక నాడె. ఆగుతుంది. కుడి నుంచి ఇంకో నాడె. ఆగుతుంది. అప్పుడు... ధబ్.

గద్వాల చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. ప్రతి వరుసలోనూ ఆ రెండింటినీ మెలేసి కలపాలి. గుంటలో ఒకరు, పక్కన ఒకరు కూర్చోవాలి. వీరయ్యా నర్సమ్మా ఇరవై ఏళ్ళు అట్లాగే కూర్చున్నారు. అంటే ఆ చీకట్లో... ఇద్దరున్నారు.

చెవులు రిక్కించి విన్నాను. ఊపిరి లేదు. దగ్గు లేదు. గాజుల చప్పుడు లేదు. హమ్మయ్య, ఆడమనిషి కాదు అనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది... నర్సమ్మకు ఇప్పుడు గాజులు లేవు.

అగ్గిపెట్టె తడిమాను. మూడే పుల్లలు. మొదటిది విరిగింది. రెండోది చేతి చెమటకు మెత్తబడింది. నేను గీస్తున్న చప్పుడు వినబడదా వాళ్ళకు? వినబడే ఉంటుంది. అయినా ఆగలేదు... తొందరపడనూ లేదు. టక్. టక్. ధబ్.

మూడోది వెలిగింది.

ఎవరూ లేరు.

మగ్గం మీద పోగులు మాత్రం... సన్నగా వణుకుతున్నాయి. గుంటలో కాలితో తొక్కే చెక్క ఒకటి... మెల్లగా... మెల్లగా పైకి లేచి... ఆగింది. అగ్గిపుల్ల నా వేలు కాల్చి ఆరిపోయింది.

పొయ్యిలో నివురు కింది నిప్పు ఊది లాంతరు వెలిగించుకున్నాను. గోడకు వీపు ఆనించి తెల్లారేదాకా మగ్గాన్నే చూస్తూ కూర్చున్నాను. దగ్గరికి మాత్రం పోలేదు. పిరికివాడంటారా, అనండి.

వేకువ చలిలోనే నర్సమ్మ వచ్చింది. గొళ్ళెం తీశానా, తలుపు ఊరికే లాగానా... అది ఈ రోజుకీ గుర్తు రాదు. ఆమె నేరుగా మగ్గం దగ్గరికి పోయి నిలబడిపోయింది. మసి గీత దాటి నాలుగు వేళ్ళ బట్ట. అంచు చక్కగా కలిసి ఉంది.

"ఎవరు కూసున్నరు సారూ?"

విన్నదంతా చెప్పాను. మొగుడే వచ్చాడని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బట్టను వేళ్ళతో నిమిరింది. మళ్ళీ నిమిరింది.

"గిది ఆయన చెయ్యి కాదు. ఆయన దెబ్బ గట్టిగుంటది. గిది మెత్తగుంది... కొత్తగ నేర్సినోళ్ళ చెయ్యి లెక్క." అని నా చేతుల వైపు చూసింది.

"నాకు మగ్గం పని తెల్వదక్కా" అన్నాను. అంటూనే నేను ఆమె చేతుల వైపు చూశాను. ఆమె వాటిని కొంగులో దాచుకుంది. చలికేనేమో. ఒకరి మాట ఒకరం నమ్మలేదు.

బయట కోళ్ళు కూస్తున్నాయి. బాలయ్య వచ్చేస్తాడు. "విప్పేద్దాం" అన్నాను.

"ఒక్కదానితోని కాదు సారూ. నూలు, పట్టు రెండు దిక్కులనుంచి ఒక్కసారే గుంజాలె." గుంట చూపించింది. "మీరు ఆయన జాగల కూసోండ్రి."

కూర్చున్నాను. గుంటలోకి కాళ్ళు దించాను. అంత చలిలో... కాలి కింద చెక్క వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో కాలు తీసినంత వెచ్చగా. ఆమెకు చెప్పలేదు. ఆమె నా భుజం తగలకుండా ఒదిగి పక్కన కూర్చుంది. ఆమె పట్టు పోగు లాగితే నేను నూలు పోగు లాగాను. ఒక్కో వరుసా... ఒక్కో వరుసా. వేలెడు బట్ట విప్పేసరికి చేతులు నొప్పెట్టాయి. తలుపు వేయడం ఇద్దరమూ మరిచిపోయాం.

వెలుగు తగ్గినట్టనిపించి తలెత్తాను. గుమ్మంలో బాలయ్య. వెనక నలుగురు పెద్దమనుషులు.

ఎవరూ మసి గీత వైపు చూడలేదు. చూడాల్సిన పనేముంది? చచ్చినవాడి గుంటలో పరాయి మగాడు, పక్కన ఆయన పెళ్ళాం. "చూసిండ్రు గదా" అన్నాడు బాలయ్య. గొంతు కూడా పెంచలేదు.

రాత్రి సంగతంతా చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. ఒక పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "సదువుకున్న సారువు. జర మంచి అబద్ధం చెప్తవనుకున్న" అన్నాడు.

మధ్యాహ్నానికి నర్సమ్మ మూట కట్టుకుంది. వనపర్తి దిక్కున పుట్టినూరు. బండెక్కబోతూ నన్ను పక్కకు పిలిచింది. "ఇగ నాకు పోయేదేం లేదు. నిజం చెప్పుండ్రి సారూ. రాత్రి నేసింది మీరేనా?"

కాదన్నాను. నమ్మలేదు. ఆమెను నేనూ అదే అడగాలనుకున్నాను... నోరు రాలేదు. బండి కదిలింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

బాలయ్యా? నర్సమ్మా? నిద్రలో నేనేనా? ఇన్నేళ్ళుగా ఒక్కొక్కరినీ ఆ గుంటలో కూర్చోబెట్టి చూస్తూనే ఉన్నాను. ఎవరిని కూర్చోబెట్టినా పక్కన రెండో మనిషి కావాలి... ఆ మనిషి ఎవరో తేలదు. నేసిందెవరో నాకు తెలియదు. విప్పుదామన్నది మాత్రం నేనే.