ఆనపకాయగారూ, మందు పడిందా అండీ?

మా అమ్మమ్మ కృపావతి 'అండీ' అని పిలిచిందంటే పొయ్యిలో పెట్టిన కొబ్బరిమట్ట కూడా లేచొచ్చి చిగురు వేస్తుంది. ఈ మాట ఆవిడ తరఫున నేను చెబుతున్నాను. కాదనేవాళ్ళు అమలాపురంలో ఎవరైనా ఉంటే ఎదురుగా వచ్చి చెప్పమనండి. అయితే ఆ 'అండీ' మనుషులకు దొరికేది కాదు. మొక్కలకీ, వాటికి కాసిన కాయలకీ మాత్రమే. మనుషులు ఎంతటివాళ్ళయినా ఆవిడ నోట్లో ఒరేయ్, ఒసే.

మా కోనసీమలో మర్యాదకి కరువు లేదు. మావైపు దొంగని పట్టుకున్నా ముందు 'కూర్చోండి' అని, తరవాతే తాడు తెస్తారు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి తన వాటా మర్యాదంతా మూటగట్టి వంకాయలకి రాసిచ్చేసింది.

తాతయ్య పోయాక ఆవిడ మామిడికుదురులో దొడ్డి వదులుకుని మా దగ్గరికి వచ్చేసింది. మా అమ్మ విజయకుమారి పెద్దాసుపత్రిలో నర్సు. నాన్న కువైట్‌లో. మాది మేడమీద వాటా, రెండు గదులు, ముందు చిన్న బాల్కనీ. బాల్కనీ అంటే సినిమా హాల్లో డబ్బున్నవాళ్ళు కూర్చునేదేనని వీధంతా అనుకునే రోజులు. డెబ్బైతొమ్మిదో సంవత్సరం అనుకుంటాను. అమ్మమ్మ దాన్ని ఓసారి తేరిపార చూసి, "ఇక్కడ మనుషులు నిలబడి ఏం చేస్తారే, దండగ," అంది. నెల తిరక్కుండా అక్కడ మనిషి నిలబడ్డానికి చోటు లేకుండా చేసేసింది. చిల్లుపడిన బకెట్లు, నూనె డబ్బాలు, మూతి పగిలిన కుండలు, అన్నిట్లోనూ అడుగున కొబ్బరిపీచు, పైన మట్టి.

ఆ మట్టి కూడా అమలాపురం మట్టి కాదు. మామిడికుదురు దొడ్లోంచి గోనెసంచిలో కట్టి బస్సులో తెచ్చింది. కండక్టరు మూట తడిమి చూసి హడిలిపోయేడు.

"ఇందులో ఏముందండీ, మామ్మగారూ?"

"మట్టిరా."

"మట్టి అమలాపురంలో దొరకదాండీ?"

"అమలాపురంలో ఆడవాళ్ళున్నారు కదా అని మీ అమ్మని ఊళ్ళోనే వదిలేస్తావేంట్రా? పక్కకి జరుగు. బీరగింజలుగారికి గాలాడట్లేదు."

కండక్టరు పక్కకి జరిగేడు. అలా జరిగినవాళ్ళలో అతను మొదటివాడూ కాదు, ఆఖరివాడూ కాదు.

మా చర్చి పాస్టరు దానియేలుగారు ఓరోజు కుటుంబ ప్రార్థనకి వచ్చేరు. అమ్మ మంచి గ్లాసులు తీసి కాఫీ కలుపుతుంటే అమ్మమ్మ బాల్కనీలోంచే కేకేసింది. "ఒరేయ్ దానియేలూ, ఇలా రా. బెండకాయగారూ, కాస్త సర్దుకోండి, వీడు కూర్చుంటాడు." పాస్టరుగారు బెండమొక్క పక్కన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చున్నారు.

"టమాటాగారికి పూత రాలిపోతంది. ప్రార్థన చెయ్యి."

"మొక్కకి ప్రార్థనేంటి పిన్నిగారూ?"

"పువ్వుని నిలబెట్టలేనివాడివి, ఇంక సంఘాన్నేం నిలబెడతావురా?"

ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేరు. పూత నిలిచింది. ఆ ఘనత ఎవరిదన్న విషయంలో వాళ్ళిద్దరికీ చాలాకాలం పేచీ నడిచింది.

నేనొకసారి అడిగాను, కాయలకి అంత మర్యాద ఎందుకే అని. చిక్కుడుతీగని తాడుకి చుడుతూ చెప్పింది.

"మా అమ్మ నాట్లకెళ్ళేదే. గట్టుమీంచి ఆవిణ్ణి పేరెట్టి పిలిచినవాడు లేడు. ఏయ్, ఒసే, అంతే. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని గుమ్మడిపాదు దగ్గర చతికిలబడి, 'ఎండ బాగా తగిలిందాండీ' అని అడిగేది. ఎందుకే అమ్మా అంటే, 'ఎప్పుడో ఎవడో మనల్నీ అండీ అంటాడు. ఆ రోజుకి తిరిగి అనడానికి మన నోరు తిరగాలి కదా, అలవాటు పోకూడదు' అంది. నేనూ అదే అలవాటు చేసుకుంటన్నాను."

"మరి మనుషుల్ని అనవేం?"

"ఇంకా మొక్కల దాకానే వచ్చేను."

ఇక మేం అద్దెకున్న ఇంటి యజమాని సంగతి. కింద వాటాలో ఆయనొక్కరే ఉండేవారు. నరసింహమూర్తిగారు, తాలూకాఫీసులో హెడ్డుగుమాస్తా చేసి రిటైరయ్యేరు. పిల్లల్లేరు. భార్య పోయి ఏడాది. షుగరుంది. ఆవిడున్నన్నాళ్ళూ మాత్రా, టిఫినూ ఆవిడ చేతిమీదుగానే నడిచేవి. తరవాత హోటలు అప్పారావు పొద్దున్న టిఫినుతో మొదలుపెట్టి మూడుపూటలా కారియరు పంపించేవాడు. పొద్దున్నే బాల్కనీ కింద, వాకిట్లో పడకకుర్చీ వేసుకుని పేపరు చదవడం ఆయన పని. సరిగ్గా ఆ కుర్చీ మీద ఓరోజు పైనుంచి నీళ్ళ చుక్కలు పడ్డాయి. ఇస్త్రీ చొక్కా.

"ఏవమ్మా, ఆ మొక్కల్ని పీకి అవతల పారెయ్యి," అన్నారాయన, తల పైకెత్తి.

అమ్మమ్మ కొంగుతో ఆనపపాదు ఆకుల్ని కప్పేసింది, అవి వినకుండా. "పిల్లల ముందు అనే మాటేనా అది, నరసింహమూర్తీ? ఇంక నీకూ నాకూ మాటల్లేవు."

మాటల్లేవంటే నిజంగానే లేవు. ఏదైనా చెప్పాల్సివస్తే నేను మెట్లు దిగి చెప్పి, జవాబు మోసుకుంటూ ఎక్కాలి. "పైవాళ్ళు పంపు కట్టలేదని చెప్పు." "కిందాయన్ని కళ్ళజోడు పెట్టుకుని చూసుకోమను." నాకు చదువు ఎక్కకపోవడానికి ఆ మెట్లు కూడా ఒక కారణమే.

మాటలు పోయినా పాదు ఆగలేదు. పిట్టగోడ దాటి కిందికి వేలాడి, కాసికాసి ఒకే ఒక్క కాయ కాసింది. ఎక్కడ? తిన్నగా నరసింహమూర్తిగారి బట్టతలకి పైన. మొదట చూపుడువేలంత. తరవాత మరచెంబంత. ఆపైన పొట్టేలు తలకాయంత. అమ్మమ్మ దానికి పాత ఉట్టి తాళ్ళతో ఊయల కట్టింది. గాలొస్తే కాయ ఊగేది. కాయ ఊగితే వీధి ఊపిరి బిగబట్టేది. పాలు పోసే లోవరాజు గేటు లోపలికి రావడం మానేసి గిన్నె గోడమీదికి తెప్పించుకునేవాడు.

"కుర్చీ కాస్త పక్కకి వేసుకోండి తాతగారూ," అన్నాను నేను.

"నా ఇంట్లో నా కుర్చీ ఎక్కడుండాలో ఆ కాయ చెబుతుందా?" అని, ఆయన కుర్చీ చేతికి నల్లగొడుగు కట్టించుకుని దాని కిందే కూర్చోవడం మొదలెట్టేరు. పైనుంచి చూస్తే మనిషి కనిపించేవారు కాదు. గొడుగూ, పేపరు అంచూ, అంతే.

రోజూ పొద్దున్నే అమ్మమ్మ పిట్టగోడ మీదికి వంగి, వీధి చివరికి వినబడేలా అడిగేది.

"ఆనపకాయగారూ, మందు పడిందా అండీ? తరవాత కడుపులో ఏవన్నా పడిందా అండీ?"

పురుగు పట్టకుండా వేపపిండి నీళ్ళు చల్లేది కదా, ఆ మందు గురించే అనుకునేదాన్ని. గొడుగు కిందనుంచి రెండు దగ్గులు వినబడేవి. నా నెత్తిమీద ఈ గోలేమిటని విసుక్కుంటున్నారనుకునేదాన్ని. కొన్ని రోజులు ఒక్క దగ్గే వచ్చేది. అప్పుడు అమ్మమ్మ గొంతు పెంచేది. "ఖాళీ కడుపున ఉంటే కళ్ళు తిరుగుతాయండీ. ముందు ఏవన్నా పుచ్చుకోండి." ఆనపకాయకి కళ్ళెక్కడున్నాయో నాకు తెలిసేది కాదు.

శ్రావణంలో గాలి ముదిరింది. ఓ ఉదయం ఊయల తాడొకటి పుటుక్కున తెగి కాయ జానెడు కిందికి జారింది. గొడుగు శిఖరం మీద ఆగింది. నరసింహమూర్తిగారు గొడుగు కిందనుంచి బయటికొచ్చి, ఇరుగూ పొరుగూ వినేలా మా అమ్మతో చెప్పేసేరు.

"ఆదివారం పొద్దుటికల్లా ఆ కాయన్నా దిగాలి, మీరన్నా దిగాలి."

"ఆయ్, అలాగేనండీ," అంది అమ్మ. పైకొచ్చి తల పట్టుకుంది. ఆసుపత్రికి నడిచివెళ్ళే దూరంలో, మగదిక్కు దగ్గరలేని ముగ్గురికి, ఇంకో ఇల్లు దొరకడం అంత తేలిక కాదు. ఈ ఇంటికే అమ్మ ఎంతమంది గుమ్మాలెక్కి దిగిందో.

"అమ్మా, కోసెయ్యవే. ముదిరిపోకముందే పులుసు పెట్టుకుందాం."

"ఇంట్లోమనిషిని పులుసు పెట్టుకుంటావా?"

"పోనీ వీధిలో కాపురం పెడదామా?"

అమ్మమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళింది. తెగిన తాడు ముడేసి కాయని మళ్ళీ పైకి లాగింది. శనివారమంతా ఏ మొక్కతోనూ మాట్లాడలేదు. బెండకాయలు కూడా భయపడ్డట్టు కనబడ్డాయి.

ఆదివారం పొద్దున్న. చర్చికి తెల్లచీర కట్టుకుని, అమ్మ కత్తి పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. కింద కుర్చీ ఉంది, గొడుగు తెరిచి ఉంది, పేపరు అంచు గాలికి రెపరెపలాడుతోంది. ఎదురింటి అరుగు మీద జనం చేరేరు. అమ్మ తొడిమ పట్టుకుంది.

"ఆగవే," అంది అమ్మమ్మ. "ఒక్కసారి అడగనీ." వంగి, ఎప్పటిలాగే అడిగింది. "ఆనపకాయగారూ, మందు పడిందా అండీ?"

దగ్గు రాలేదు.

"అడిగావుగా, ఇంక చెయ్యి తియ్యి," అంది అమ్మ.

"ఉండవే. ఆనపకాయగారూ, కడుపులో ఏవన్నా పడిందా అండీ?"

పేపరు జారి కిందపడింది. గొడుగు కింద ఎవరూ దాన్ని తీసుకోలేదు.

అమ్మమ్మ చుట్టూ చూసి, పండబోతున్న టమాటా ఒకటి తెంపింది. "క్షమించండి, టమాటాగారూ," అని దాన్ని గురిచూసి గొడుగు మీదికి విసిరింది. టపీమని పగిలి ఎర్రగా కారింది. నీళ్ళచుక్క పడితే మొక్కలు పీకెయ్యమన్న మనిషి, టమాటా పడితే కిక్కురుమనలేదు.

"విజయా, పంచదార తే," అని అరిచి అమ్మమ్మ మెట్లు దిగింది. దిగింది అనడం తప్పు. డెబ్బై దాటిన మనిషి చీర మోకాళ్ళకెత్తి మెట్లమీంచి దొర్లినట్టు వెళ్ళింది. మాటలు మానేసినప్పట్నించీ ఆ కుర్చీ వైపు ఒక్క అడుగూ వెయ్యని కాళ్ళే అవి.

నరసింహమూర్తిగారు కుర్చీలో ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. ఒళ్ళంతా చెమటలు. కళ్ళు సగం తెరిచున్నాయిగాని దేన్నీ చూడ్డంలేదు. అమ్మమ్మ ఆయన గడ్డం పట్టుకుని ఊపింది.

"ఒరేయ్ నరసింహమూర్తీ, నోరు తెరువు. తెరవరా, నీ బెట్టు ఇప్పుడా."

అమ్మ పంచదార వేలితో తీసి ఆయన బుగ్గలోపల రాసింది. మళ్ళీ రాసింది. నాడి పట్టుకుని కూర్చుంది. వీధంతా గేటు పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.

చాలాసేపటికి ఆయన చప్పరించేరు. రెప్పలు కొట్టుకున్నాయి. అమ్మ మెల్లగా పంచదార నీళ్ళు తాగించింది. ఆయన చుట్టూ చూసి, అమ్మమ్మ దగ్గర చూపు ఆపి, నీరసంగా, ఎంతో మర్యాదగా అన్నారు.

"మందు పడిందండీ. టిఫినే పడలేదు. అప్పారావు ఇంటిల్లిపాదీ మురమళ్ళ కల్యాణానికి వెళ్ళేరండి, కారియరు రాలేదు."

అప్పుడర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ ఆనపకాయకి ఎందుకు కళ్ళు తిరుగుతున్నాయో. రెండు దగ్గులంటే మాత్రా వేసుకున్నాను, టిఫినూ తిన్నాను అని. ఒక్క దగ్గంటే మాత్ర ఒక్కటే అని. మాటల్లేని ఇద్దరు మనుషులు మా వీధి చెవుల మీదుగా రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

అమ్మ పైకెళ్ళి వేడివేడిగా ఉప్మా చేసి తెచ్చింది. ఆయన సగం తిన్నాక నెమ్మదిగా అడిగింది, "తాతగారూ, కాయ కొయ్యమంటారా, సామాను సర్దుకోమంటారా?"

ఆయన గొడుగు మీది టమాటా మరకని చూసేరు. వీధిని చూసేరు. వీధి ముందు అన్న మాట వీధి ముందే మింగడం హెడ్డుగుమాస్తా చేసినవాళ్ళకి అంత సులువు కాదు.

"ఆదివారం అన్నానుగాని, ఏ ఆదివారమో చెప్పలేదు కదమ్మా," అని ఉప్మా గిన్నెలోకి తల వంచేసుకున్నారు.

ఆ రోజు చర్చికి ఆలస్యంగా వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేం. అమ్మమ్మ కంచాలు కడుగుతుంటే నేను పక్కన చేరాను. అంతటి అవకాశం మళ్ళీ దొరకదు.

"అమ్మమ్మా, అయితే ఇన్నాళ్ళూ నువ్వు అండీ అన్నది ఆనపకాయని కాదన్నమాట. మనుషుల దాకా వచ్చేసేవన్నమాట. అదీ నరసింహమూర్తిగారి దాకా."

ఆవిడ కంచం కడగడం ఆపి నన్ను కిందనించి పైకి చూసింది.

"ఆయన పోతే ఈ ఇల్లు వాళ్ళ తమ్ముడికొచ్చుద్దే. వాడు మేకల్ని పెంచుతాడు. నోరు మూసుకుని పీటలు వెయ్యి."