తుమ్మినవాళ్ళ కోసం రెండోసారి

మా ఇంటి వెనక మరలో కారం పట్టే రోజున కిటికీలు మూసినా ఘాటు లోపలికి వస్తుంది. ఆ ఘాటుకి ఒక పాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అది ఒక్కరు పాడేది కాదు. రెండో గొంతు సలోమిది. తను పోయి నెలయింది.

మా చిన్నప్పుడు ఎండలు ముదిరేసరికి మా ఊరి కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రబడేవి. బడి వదలగానే నేనూ సలోమీ మా కల్లంలో పట్టా మీద ఎదురెదురుగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తూ, మంటలెత్తే వేళ్ళను చల్లకుండలో ముంచడానికి వంతులు పడుతూ, పొద్దు వాలేదాకా పాటలు కట్టేవాళ్ళం. బడిలో ప్రాస చెప్పిన కొత్త. పాదంలో రెండో అక్షరం కలవాలి, అంతే మా చదువు.

"ఎండలో నువ్వుంటే నీడకు నే పోను" అంది సలోమి.

"బండెక్కి నువ్వెళ్తే వెనకే నే వస్తా" అన్నాను నేను.

చివరి పాదం ఇద్దరిదీ: "నువ్వు వచ్చేదాకా నేనిక్కడే ఉంటా." సలోమి దాన్ని రెండుసార్లు పాడేది.

"ఒకసారి చాల్లేవే. చెప్పిందే చెప్తే మాస్టారు కొట్టేస్తారు."

"ఏడిశావ్‌లే! తుమ్మినోళ్ళు అందుకోవద్దా?"

నిజమే. కల్లంలో ఎప్పుడూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు. కొంగుతో ముక్కు తుడుచుకుని రెండోసారికి గొంతు కలిపేవారు. "మీ నాయనమ్మకి రెండు చాలవే, మూడు కావాలి" అని నన్ను చూసి నవ్వేది తొడిమలు తీస్తున్న సలోమి వాళ్ళమ్మ.

ఇప్పుడు కల్లాల్లో ఫోన్లు పాడుతున్నాయి. తుమ్మినవాళ్ళ కోసం అవి ఆగవు.

మొన్న ఆదివారం సలోమి జ్ఞాపకార్థ ప్రార్థన. "పెద్దమ్మా, అమ్మ పాట మీకు తప్ప ఎవరికీ రాదు" అంది వాళ్ళ అమ్మాయి. లేచాను. సలోమి పాదం నేనే పాడాను, నా పాదం పాడాను, చివరిదీ ఒకసారి పాడాను. అయిపోయిందనుకుని పాస్టరు గారు బైబిలు తెరిచారు.

నేను కూర్చోలేదు. ముక్కు తుడుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, చివరి పాదం మళ్ళీ ఎత్తుకున్నాను.