దేవుడి కుండలో నాన్నగారి చుట్టలు

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, అమ్మ ముందుగా పిడికెడు బియ్యం తీసి మూలనున్న చిన్న కుండలో పోసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి కానుకగా వెళ్ళేవి.

"మనకున్నదేంట్లోనైనా ముందు దేవుడి భాగం తియ్యాలమ్మా" అనేది. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ ఏం చేస్తే అదే చేసేదాన్ని...

నాన్నగారు సంఘపెద్ద. రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో, పొగ తాగేవాళ్ళకి ఆ పెద్దరికం ఉండదు. అందుకని ఆయన పశువులపాక వెనక్కి వెళ్ళి, చూరులో దాచిన చుట్ట తీసి, దగ్గు కూడా మింగుకుంటూ కాల్చేవారు. నేను చూసేశాను. పాపం, ఆ చుట్టల్లో దేవుడి భాగం ఎవరూ తియ్యడం లేదు!

రోజుకొకటి తీసి బియ్యం అడుగున పెట్టాను...

ఆదివారం ఆరాధన అయ్యాక, ఆడవాళ్ళు వరసగా వచ్చి పాస్టరుగారి ముందున్న గంపలో బియ్యం పోస్తున్నారు. అమ్మ కుండ వంచింది. బియ్యంతో పాటు ఐదు చుట్టలు దొర్లాయి.

అందరూ నోరు తెరిచారు. వెనకనుంచి ఒక మామ్మగారు, "మరి అగ్గిపెట్టె ఏదమ్మా?" అన్నారు.

"ఎవరివండీ ఇవి?" అన్నారు పాస్టరుగారు.

మా పిన్ని చటుక్కున లేచి, "బావగారి పాలేరు పెట్టేసుంటాడండి!" అంది. అమ్మ గట్టిగా తలూపింది. నాన్నగారు ఊరుకుంటే చాలు, పెద్దరికం దక్కేది.

ఆయన నా వంక చూశారు. మెచ్చుకుంటారని నేనూ ఆయన్నే చూస్తున్నాను...

"ఆయ్... నావేనండి" అంటూ లేచారు. "పాలేరు పాపం బీడీలే కాలుస్తాడండి. పిల్ల తెలీక పెట్టేసింది. దాన్నేం అనకండి."

పెద్దరికం పోయింది. మరుసటి ఆదివారం నుంచి ముందువరస కుర్చీ వదిలి చాప మీద కూర్చున్నారు. "ఒప్పుకోడానికి అంత తొందరేవిటండీ, ఇంటికొచ్చేక ఒప్పుకోవచ్చుగా!" అని అమ్మ వారం రోజులు సణిగింది.

నిజమే చెప్పాలని నాన్నగారు నాకెప్పుడూ పాఠం చెప్పలేదు...

మొన్న మా అమ్మాయి, "షుగరు పెట్టుకుని పూతరేకులు తిన్నావా అమ్మా?" అని నిలదీసింది. లేదనబోయాను. పక్కనే నాలుగేళ్ళ మనవడు నా మొహం వంకే చూస్తున్నాడు.

"తిన్నానే... ఒకటి" అన్నాను.

తిన్నవి మూడు. నాన్నగారంత గుండె నాకెక్కడిది!

అలా నలుగురిలో లేచి ఒప్పుకునే పెద్దవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారండీ... మీ ఇంట్లో ఉంటే చెప్పండి, విని నేర్చుకుంటాను. మూడు తిన్న సంగతి మాత్రం మా అమ్మాయికి చెప్పకండేం.